పొగలో పుట్టిన పటుత్వం

తర్కశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థికి తొలినాడే పరిచయమయ్యే వస్తువు పొగ. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించవచ్చునని మన నైయాయికులు తరతరాలుగా పాఠం చెబుతూ వచ్చినారు. అయితే వారు పొగకిచ్చిన గౌరవం అంతటితో సరి. నిప్పు జాడ చెప్పి తాను తప్పుకోవలసినదే గాని, పొగకు సొంతంగా ఒక ప్రయోజనం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. లోకవ్యవహారంలోనూ అంతే. కిట్టనివాణ్ణి ఇల్లు వెళ్ళగొట్టడాన్ని పొగబెట్టడమంటాము. వ్యర్థమైన ఉపకారాన్ని బూడిదలో పోసిన పన్నీరంటాము. మన నుడికారంలో పొగకూ బూడిదకూ దక్కినది నింద మాత్రమే.

గడచిన అర్ధశతాబ్దంలో ఒక పొగ ఈ నిందను పోగొట్టుకొన్నది. కర్మాగారాల గొట్టాలనుండి వెలువడి ఊళ్ళమీద పడుతూ ఉండిన ఆ పొగ, నేడు సముద్రంలో నిలిచిన వంతెనలకూ, వరద తాకిడికి ఓర్చే ఆనకట్టలకూ, ఆకాశాన్నంటే భవనాలకూ పటుత్వాన్ని ఇస్తున్నది. దానిని ఇంజనీర్లు సిలికా ఫ్యూమ్ అనీ, మైక్రోసిలికా అనీ పిలుస్తారు. మనం సిలికా ధూమం అనుకొందాము. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ కాంక్రీటు గొడవ ఎందుకని పాఠకులు అడుగవచ్చు. దానికి కారణం ఒక బడి.

కొన్ని ఏండ్ల క్రితం సముద్రతీరాన ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో బహుమతి ప్రదానానికి నన్ను పిలిచినారు. సభ వేపచెట్టు కింద జరిగినది. వేసవి గాలికోసం అలా ఏర్పాటు చేసినారేమో అనుకొన్నాను. కాదు, గదుల్లో కూర్చోవడానికి భయపడి చెట్టుకిందికి వచ్చినారు. ప్రధానోపాధ్యాయులు నన్ను లోపలికి తీసుకొనివెళ్ళి చూపించినారు. పైకప్పు శ్లాబునుండి పెచ్చులు ఊడి బల్లలమీద పడి ఉన్నాయి. ఊడినచోట ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పుపట్టి, పొరలు పొరలుగా ఉబ్బి, బయటికి కనిపిస్తున్నాయి. ఆ భవనం కట్టి ముప్పై ఏండ్లు కూడా కాలేదు. దానికి కూతవేటు దూరంలో, ఎప్పటిదో ఎవరికీ సరిగా తెలియని ఒక డంగుసున్నపు మండపం చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

సభకు వచ్చినవారిలో ఒకప్పుడు నా దగ్గర చదువుకొని తర్వాత ఇంజనీరైన యువకుడొకడు ఉన్నాడు. నేను అతనిని పక్కకు పిలిచి, "ఏమోయ్, పాతకాలపు సున్నం నిలిచినది, మీ సిమెంటు ఊడిపోయినది. ఇదేమి చోద్యం?" అన్నాను.

అతడు నవ్వి, "మాస్టారూ, ఆ మండపంలో ఇనుము లేదండీ, అందుచేత తుప్పు బాధ లేదు. అదొక్కటీ పక్కనపెడితే, మీరు మాకు చెప్పిన మాటే ఇక్కడా పనిచేసింది. రంధ్రాన్వేషణ అని జాతీయాల పాఠంలో చెప్పేవారు గదండీ. సముద్రపు గాలి రాత్రింబవళ్ళు చేసేది ఆ పనే" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు మొదలైన కుతూహలమే ఈ వ్యాసానికి మూలం.

రంధ్రాలు ఎక్కడివి?

కాంక్రీటును మనం రాయి అనుకొంటాము. చేతితో తడిమితే రాయిలాగే ఉంటుంది. కాని సూక్ష్మదర్శినితో చూస్తే అది జల్లెడ. సిమెంటూ, ఇసుకా, కంకరా కలిపి నీళ్ళు పోసినప్పుడు, ఆ నీటిలో కొంత భాగమే సిమెంటుతో రసాయనికంగా కలుస్తుంది. మిగిలిన నీరు పని సులువు కావడానికి పోసినది. అది క్రమంగా ఆవిరైపోయి, తాను ఉన్న చోటును ఖాళీగా వదిలిపెడుతుంది. మేస్త్రీ పారతో తిప్పడం కష్టంగా ఉన్నదని మరొక బిందెడు నీళ్ళు గుమ్మరించినప్పుడల్లా, రాబోయే కాలంలో కాంక్రీటులో ఏర్పడే ఖాళీలను మనం చేజేతులా పెంచుతున్నామన్నమాట. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి సన్నని కాలువలవుతాయి. తీరప్రాంతంలో ఉప్పుగాలి ఆ కాలువల వెంట లోపలికి ప్రయాణిస్తుంది.

లోపల ఇనుప చువ్వ సురక్షితంగా ఉండడానికి కారణం కాంక్రీటులోని క్షారగుణం. ఆ క్షారంవల్ల ఇనుముమీద కంటికి కనబడని ఒక పలుచని రక్షణపొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడు వచ్చి ఆ పొరను ఛేదిస్తుంది. తేమ, ప్రాణవాయువు తోడై తుప్పు మొదలవుతుంది. ఇనుముకంటె తుప్పు ఎన్నో రెట్లు ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. చోటు చాలక అది చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుండి తోస్తుంది. పెచ్చులు ఊడేది అప్పుడు. బడిపిల్లల బల్లలమీద పడిన పెచ్చుల కథ ఇదే. శత్రువు బయటినుండి వచ్చినా, దారి ఇచ్చినది మాత్రం లోపలి రంధ్రమే.

సిమెంటు మిగిల్చే సున్నం

రంధ్రాలతోపాటు మరొక లోపం ఉన్నది. 1824లో ఇంగ్లండులో జోసఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు ఒక సిమెంటుకు పేటెంటు పొంది, అది పోర్ట్‌లాండు ప్రాంతపు రాతిని పోలి ఉన్నదని దానికి పోర్ట్‌లాండు సిమెంటని పేరుపెట్టినాడు. నేటి సిమెంటు ఆ పేరుతోనే పెరిగి పెద్దదైనది. సున్నపురాతినీ బంకమట్టినీ కలిపి సుమారు 1,450 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చి, వచ్చిన గడ్డలను కొంచెం జిప్సంతో కలిపి మెత్తగా పొడిచేస్తే సిమెంటు అవుతుంది. దానికి నీరు తగిలినప్పుడు రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కాల్షియం సిలికేటు హైడ్రేటు అనే జిగురు. కాంక్రీటులోని బలమంతా దానిదే. రెండవది కాల్షియం హైడ్రాక్సైడు, అనగా మనం గోడలకు వేసుకొనే తడిసున్నం. గట్టిపడిన సిమెంటు ముద్దలో ఈ సున్నం ఇంచుమించు నాలుగవ వంతుదాకా ఉంటుంది.

ఈ సున్నం క్షారగుణాన్ని కాపాడుతుందన్నమాట నిజమే గాని, బలానికి అంతగా పనికిరాదు. పలకలు పలకలుగా పేరుకొంటుంది, నీటిలో కొద్దికొద్దిగా కరిగిపోతుంది, సల్ఫేటులున్న నీటికి సులభంగా లొంగిపోతుంది. కంకర రాయి చుట్టూ సన్నని పొరగా చేరి, రాయికీ జిగురుకూ మధ్య పొత్తు చెడగొడుతుంది. కాంక్రీటు పగిలినప్పుడు సాధారణంగా మొదట విడిపోయేది ఆ పొర దగ్గరే. పెళ్ళిపందిట్లో వియ్యంకులిద్దరూ మంచివారే అయినా మధ్యవర్తివల్ల సంబంధం చెడినట్లు ఉంటుందిది.

ఈ మిగులు సున్నాన్ని జిగురుగా మార్చే ఉపాయం ఏదైనా ఉన్నదా? ఉన్నది. చిత్రమేమంటే ఆ ఉపాయం సిమెంటు పుట్టకముందే మన మేస్త్రీల చేతికి తెలుసు.

ఇటుకపొడి రహస్యం

గానుగలో సున్నం నూరేటప్పుడు మన పెద్దలు ఇసుకతోపాటు బాగా కాలిన ఇటుకల పొడిని కలిపేవారు. దానినే సుర్కీ అన్నారు. కొందరు బెల్లపునీరూ, కరక్కాయ ఊటా కూడా పోసేవారు. ఇటుకపొడి ఎందుకని అడిగితే, తడిచోట సున్నం గట్టిపడడానికి అది ఉండాలని మాత్రం చెప్పేవారు. దాని వెనుకనున్న రసాయనం ఇది: కాలిన బంకమట్టిలో చురుకైన సిలికా ఉన్నది. తడి ఉన్నప్పుడు ఆ సిలికా సున్నంతో కలిసి, సిమెంటు ఇచ్చే జిగురువంటి జిగురునే ఇస్తుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఆధ్వర్యంలో 1911లో మొదలైన కృష్ణరాజసాగరం ఆనకట్ట కట్టడంలో వాడినది ఈ సుర్కీ సున్నమే. కావేరి నీరు నేటికీ దాని వెనుక నిలుస్తున్నది.

రోమనులకు ఇటుకపొడికి బదులు అగ్నిపర్వతపు బూడిద దొరికినది. నేపుల్స్ దగ్గరి పొజువోలి ప్రాంతపు బూడిద అది. సున్నంతో కలిసి గట్టిపడే ఇట్టి పదార్థాలన్నిటికీ ఆ ఊరి పేరుమీదనే పొజోలానాలని పేరు వచ్చినది. రోమునగరంలో సుమారు 1,900 ఏండ్ల క్రితం కట్టిన పాంథియాన్ గుమ్మటం 43 మీటర్ల వ్యాసంతో, ఇనుప చువ్వ ఒక్కటైనా లేకుండా, నేటికీ నిలిచి ఉన్నది.

సిలికా ధూమం ఈ వంశంలో పుట్టిన కడగొట్టు బిడ్డ. ఇటుకపొడి నెలల తరబడి చేసే పనిని అది దినాలలో చేస్తుంది.

పొగ ఎక్కడిది?

ఉక్కు తయారీలో ఫెర్రోసిలికాన్ అనే మిశ్రమలోహం కావాలి. అల్యూమినియం మిశ్రమాలకూ, రసాయన పరిశ్రమలకూ సిలికాన్ కావాలి. వీటికోసం పలుగురాతిని బొగ్గుతోనూ చెక్కపేళ్ళతోనూ కలిపి పెద్ద విద్యుత్ కొలిమిలో కరగిస్తారు. అక్కడి వేడి సుమారు 2,000 డిగ్రీలు. పలుగురాయి అంటే సిలికా. అందులో ఒక్కొక్క సిలికాన్ పరమాణువుకు రెండేసి ఆక్సిజన్ పరమాణువులు జతపడి ఉంటాయి. బొగ్గు ఆ ఆక్సిజన్‌ను లాగివేసుకొంటుంది. అట్లా లాగుతున్నప్పుడు, ఒక్క ఆక్సిజనే మిగిలిన సిలికాన్ మోనాక్సైడు కొంత వాయువుగా మారి కొలిమి పైకి తప్పించుకొంటుంది. పైన గాలి తగలగానే పోయిన ఆక్సిజన్‌ను తిరిగి పట్టుకొని మళ్ళీ సిలికా అవుతుంది. వెంటనే చల్లబడి, కంటికానని గుండ్రని కణాలుగా రాలుతుంది. గొట్టంనుండి బూడిదరంగు పొగగా కనిపించేది ఈ కణాల మేఘమే.

ఇక్కడ విద్యార్థులు ఒక ప్రశ్న వేయాలి. ఏటి ఇసుక కూడా సిలికాయే గదా! అది సిమెంటులో ఏమీ చేయక ఊరకే కూర్చుండగా, ఈ పొగ ఎందుకంత చురుకుగా ఉన్నది? రెండు కారణాలున్నాయి. ఇసుకలోని సిలికా స్ఫటికం. అందులోని పరమాణువులు గణయతులు కుదిరిన పద్యంవలె ఒక్కటి కదపరాని కట్టుతో అమరి ఉంటాయి. పొగలోని సిలికాకు అట్లా అమరే వ్యవధి లేదు. వాయువు ఒక్కసారిగా చల్లబడడంచేత పరమాణువులు వచనంలోని మాటలవలె ఎక్కడివక్కడ నిలిచిపోయినాయి. కట్టు లేనిది గనుక సున్నం వచ్చి పిలిస్తే సులభంగా కలుస్తుంది. ఇక రెండవ కారణం సూక్ష్మత్వం. ధూమకణం వ్యాసం సగటున మైక్రానులో పదవ వంతు, అటూఇటుగా. సిమెంటు రేణువులో నూరవ వంతు. ఒక గ్రాము సిమెంటులోని రేణువుల ఉపరితలాన్ని పరిచితే అర చదరపు మీటరు కూడా రాదు. ఒక గ్రాము ధూమంలోని కణాల ఉపరితలాన్ని పరిచితే సుమారు 20 చదరపు మీటర్లు, అనగా ఒక చిన్న గది నేలంత వస్తుంది. అంత ముఖం చూపించేది అంత వేగంగా పనిచేయడంలో వింత లేదు.

కాంక్రీటులో ధూమం రెండు పనులు చేస్తుంది. మొదటిది సందు పూడ్చడం. నారింజపండ్ల బుట్టలో ఆవాలు పోస్తే పండ్లమధ్య సందులన్నీ ఎట్లా నిండుతాయో, సిమెంటు రేణువుల మధ్య సందులు అట్లా నిండుతాయి. సిమెంటు తూకంలో పదింట ఒక వంతు ధూమం కలిపితే, ఒక్కొక్క సిమెంటు రేణువుకు వచ్చే ధూమకణాలు లెక్కకు లక్షకు తక్కువ ఉండవు. రెండవది మిగులు సున్నాన్ని జిగురుగా మార్చడం. కంకర చుట్టూ చేరిన బలహీనమైన పొర ఈ రెండు పనులవల్లనే చిక్కబడుతుంది. కాలువలు తెగిపోతాయి. ఉప్పుకు దారి దొరకదు. రంధ్రాన్వేషణ చేసేవాడికి రంధ్రమే కనబడకుండా చేయడమన్నమాట.

నార్వే నేర్పిన పాఠం

ఈ పొగను కాంక్రీటులో వేసి చూడవచ్చునని మొదట తలచినది నార్వే. జలవిద్యుత్తు పుష్కలంగా ఉండడంచేత ఆ దేశంలో సిలికాన్ కొలుములు ఎక్కువ. ట్రాండ్‌హీమ్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో 1950 దశకం ఆరంభంలోనే పరీక్షలు జరిగినాయి. ఆస్లో నగరపు భూగర్భంలో ఆలం షేల్ అనే రాయి ఉన్నది. దానినుండి ఊరే సల్ఫేటు నీరు మామూలు కాంక్రీటును తినివేస్తుంది. ధూమం కలిపిన దిమ్మలను అక్కడ ఉంచి ఏండ్ల తరబడి గమనించినారు. అవి నిలిచినాయి.

ఫలితం తెలిసి కూడా ఇరవై ఏండ్లపాటు ఆ పొగ గొట్టాలనుండి వృథాగా పోతూనే వచ్చినది. కారణం రెండు కొరతలు. పొగను పట్టే ఏర్పాటు కర్మాగారాలలో లేదు. పట్టినా, అంత సూక్ష్మమైన పొడి నీటినంతా తాగివేసి కాంక్రీటును కదలని ముద్ద చేస్తుంది. నీరు ఎక్కువ పోస్తే మళ్ళీ రంధ్రాలు. 1960 దశకంలో జపానులోనూ జర్మనీలోనూ సూపర్‌ప్లాస్టిసైజర్లు అనే రసాయనాలు వచ్చినాయి. ఇవి కొద్దిపాటి కలిపితే చాలు, సిమెంటు రేణువులు ఒకదానినొకటి అంటక విడివడి, తక్కువ నీటితోనే కాంక్రీటు జారుగా పారుతుంది. 1970 దశకంలో వాతావరణ రక్షణ శాసనాలు కఠినమై, పొగను గాలిలోకి వదలరాదన్నారు. కర్మాగారాలు పెద్దపెద్ద గుడ్డసంచుల వడపోతలు అమర్చినాయి. సంచులలో గుట్టలు గుట్టలుగా పొడి చేరినది. దానిని ఎక్కడ పోయాలో తెలియని యజమానులు అప్పుడు పాత పరీక్షలను జ్ఞాపకం చేసుకొన్నారు. నార్వే ప్రమాణాలు 1976లో సిమెంటులో ధూమం కలపడానికీ, 1978లో నేరుగా కాంక్రీటులో కలపడానికీ అనుమతి ఇచ్చినాయి. ఐస్‌లాండులో క్షారానికి స్పందించే కంకరవల్ల ఇండ్ల గోడలు పగులుతూ ఉండగా, 1979 నుండి అక్కడి సిమెంటులో ధూమం కలపడం మొదలుపెట్టి ఆ పీడను అణచినారు.

ఆనకట్ట అడుగున అగ్నిపరీక్ష

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రాన అలిగెనీ నదిమీద కిన్‌జువా అనే ఆనకట్ట ఉన్నది. 1965లో పూర్తయినది. ఆనకట్టనుండి దూకే నీటి ఉద్ధృతిని అణచడానికి కింద కాంక్రీటు తొట్టి కడతారు. కిన్‌జువా తొట్టిలోకి రాళ్ళు చేరి, సుడిలో పడి, రోటిలో పొత్రం తిరిగినట్లు గిరగిర తిరుగుతూ అడుగును అరగదీసినాయి. 1970 దశకంలో ఉక్కు నారలు కలిపిన కాంక్రీటుతో మరమ్మతు చేసినారు. రాళ్ళు దానినీ తినివేసినాయి. 1983లో సిలికా ధూమపు కాంక్రీటు పోసినారు. మామూలు ఇండ్ల కాంక్రీటు చదరపు సెంటీమీటరుకు 200 కిలోల బరువును మోయగలిగితే చాలుననుకొంటాము. ఇది 800 కిలోలకు పైబడి మోయగలిగినది. తర్వాత ఈతగాళ్ళు నీటిలో దిగి పరిశీలించినప్పుడు అది నిలకడగా ఉన్నట్లు తేలినది. బలం కోసం కాక, అరుగుదలకు ఓర్చడం కోసం ధూమాన్ని వాడిన తొలి పెద్ద పనులలో ఇదొకటి.

ఆ తర్వాత దాని ప్రయాణం వేగం పుంజుకొన్నది. 1989లో సియాటిల్ నగరంలో పూర్తయిన టూ యూనియన్ స్క్వేర్ భవనపు స్తంభాలలో చదరపు సెంటీమీటరుకు సుమారు 1,300 కిలోలు మోసే కాంక్రీటు వాడినారు. 1997లో కెనడాలో మంచుగడ్డలు తేలే సముద్రంమీద 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెననూ, 1998లో డెన్మార్కులో గ్రేట్ బెల్ట్ వంతెననూ నూరేండ్ల ఆయుర్దాయం లెక్కకట్టి నిర్మించినారు. రెండింటి కాంక్రీటులోనూ ధూమం ఉన్నది. 2010లో ప్రారంభమైన దుబాయిలోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పునాది స్తంభాలు ఉప్పు నిండిన భూగర్భజలంలో నిలిచి ఉన్నాయి. వాటిలో బొగ్గుబూడిదతోపాటు ధూమమూ కలిపినారు.

మన దేశంలో 1994లో కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రంలో నిర్మాణంలో ఉన్న గుమ్మటం లోపలి భాగం ఊడి పడినది. ఆ తర్వాత గుమ్మటాల రూపకల్పనను మార్చి, ధూమం కలిపిన అధిక బలపు కాంక్రీటుతో కట్టినారు. ముంబయిలోని జె.జె. ఫ్లైఓవరులోనూ, 2009లో ప్రారంభమైన బాంద్రా–వర్లీ సముద్ర వంతెనలోనూ దానిని వాడినారు. భారత ప్రమాణాల సంస్థ 2003లో సిలికా ధూమానికి ప్రత్యేకంగా ఐ.ఎస్. 15388 అనే ప్రమాణాన్ని వెలువరించినది. సిమెంటు తూకంలో నూటికి 5 నుండి 10 వంతులదాకా కలపడం వాడుక.

మందుకు పథ్యం

ఇంతగా పొగడిన తర్వాత దాని దోషాలను దాచడం న్యాయం కాదు. మంచి మందుకు కఠినమైన పథ్యం ఉంటుంది.

మామూలు కాంక్రీటు పోసిన కొద్దిసేపటికి నీరు పైకి తేరుతుంది. ఆ నీటి పొర కొంతసేపు ఎండనుండి దానిని కాపాడుతుంది. ధూమం కలిపిన కాంక్రీటులో నీరు పైకి రాదు. కణాలు దానిని కట్టిపట్టి ఉంచుతాయి. మన వైశాఖమాసపు వడగాలి తగిలితే ఉపరితలం గంటలలోనే ఎండి, నెర్రెలు విచ్చిన చెరువు మట్టివలె పగుళ్ళిస్తుంది. పోసిన క్షణంనుండే నీటితుంపరలు చల్లి, తడి గోనెలు కప్పి కాపాడాలి. పొడిని బాగా కలపకపోతే ఉండలు కట్టి, ఉన్నచోట ఉన్నట్లే ఉండిపోతుంది. సూపర్‌ప్లాస్టిసైజరు లేనిదే అది పనికిరాదు. అగ్నిప్రమాదం జరిగితే మరొక చిక్కు ఉన్నది. రంధ్రాలు లేవు గనుక లోపలి ఆవిరికి బయటపడే దారి లేక, కాంక్రీటు పెచ్చులు పేలి ఎగిరిపోవచ్చు. దానికి విరుగుడుగా సన్నని పాలీప్రొపిలీన్ నారలు కలుపుతారు. వేడికి అవి కరిగి ఆవిరికి దారి ఇస్తాయి. రంధ్రం పూడ్చడమే గొప్ప అన్నవారు తామే రంధ్రం పెట్టవలసివచ్చినదన్నమాట! ఇవన్నీ కాక, ధూమం ఖరీదు సిమెంటు ఖరీదుకు ఎన్నో రెట్లు. సిలికాన్ కొలుములు ఇచ్చినంతే దొరుకుతుంది గాని, కావాలన్నంత దొరకదు.

అయితే మన ఊరి బడికి ఈ పొగ పనికివస్తుందా? ఇదే ప్రశ్న నేను నా శిష్యుణ్ణి అడిగినాను. అతని జవాబు నాకు నచ్చినది. "మాస్టారూ, రెండంతస్తుల బడికి పొగ అక్కరలేదండీ. పొగ నేర్పిన పాఠం చాలు. రంధ్రాలు లేకుండా పోస్తే చాలు" అన్నాడు. అతడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టిన నియమాలు ఇవి: ఉప్పుగాలి తగిలేచోట నీటి తూకం సిమెంటు తూకంలో నూటికి 45 వంతులు మించరాదు. చువ్వకూ బయటికీ మధ్య 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి. థర్మల్ కేంద్రాల బొగ్గుబూడిద కలిసిన పి.పి.సి. సిమెంటు గాని, ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిసిన స్లాగు సిమెంటు గాని వాడితే, మిగులు సున్నం పని అవి నెమ్మదిగా చక్కబెడతాయి. అట్టి సిమెంటును కనీసం 10 దినాలు, ఎండలు మండేటప్పుడు 14 దినాలు తడిపి ఉంచాలి. ఇవన్నీ మన ప్రమాణ గ్రంథాలలో ఉన్నవే. పాటించడమే తక్కువ.

ఊకదంపుడు కాని ఊక

చివరకు మన పొలాలకు వద్దాము. వరి మొక్క నేలనుండి సిలికాను పీల్చి ఊకలో దాచుకొంటుంది. నూరు కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక, దానిని కాల్చితే సుమారు 4 కిలోల బూడిద వస్తాయి. ఆ బూడిదలో నూటికి 85 వంతులకు తక్కువ కాకుండా సిలికాయే. వేడి సుమారు 700 డిగ్రీలు మించకుండా జాగ్రత్తగా కాల్చితే అది కూడా కట్టులేని చురుకైన సిలికా అవుతుంది. మెత్తగా నూరితే సిలికా ధూమానికి దగ్గరి చుట్టంగా పనిచేస్తుంది. 1970 దశకంలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో భారతీయుడైన పి. కుమార్ మెహతా ఈ విషయంలో మార్గదర్శకమైన పరిశోధన చేసినారు. వేడి అదుపు తప్పితే మాత్రం సిలికా స్ఫటికమై, మళ్ళీ ఇసుకతో సమానమవుతుంది.

గోదావరి, కృష్ణా డెల్టాలలో రైసుమిల్లుల పక్కగా నడిచినవారికి ఊకబూడిద కొత్త కాదు. గాలి వీస్తే దారినపోయేవారి కళ్ళలో పడుతుంది. నార్వే కొలిమి పొగకూ ఒకనాడు ఇదే అపకీర్తి. ఒక టన్ను సిమెంటు చేయడంలో అర టన్నుకు తక్కువ కాకుండా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తున్న ఈ కాలంలో, కొంత సిమెంటును మిగిల్చగల బూడిదను కాలువగట్టున పారబోయడం ఎంత నష్టమో ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పాలి. ఊకదంపుడని మనం వ్యర్థప్రసంగాన్ని ఈసడిస్తాము. దంచిన ఊకలోనూ సారమున్నదని తేలినప్పుడు ఆ జాతీయాన్ని మాత్రం ఏం చేయాలో తెలుగు పండితులు ఆలోచించుకొనవలసి ఉన్నది.

పోయిన సంవత్సరం మళ్ళీ ఆ తీరపు బడికి వెళ్ళినాను. పాత గదులను పడగొట్టి కొత్తవి కడుతున్నారు. శ్లాబు పోసి అయిదు దినాలైనది. దానిమీద గోనెపట్టాలు పరచి ఉన్నాయి. పదో తరగతి పిల్లలు వంతులవారీగా, పెద్దల కనుసన్నలలో, సాయంకాలంపూట నీళ్ళు చల్లుతున్నారు. ప్రధానోపాధ్యాయులు గోడమీద సుద్దతో తేదీలు రాసి, గడచిన దినానికల్లా ఒక గీత పెడుతున్నారు. నేను లెక్కపెట్టినాను. అయిదు గీతలున్నాయి. ఇంకా తొమ్మిది గీతలకు చోటు వదలి ఉన్నది.